మంచమెక్కిన మేడమ్

నర్సింగ్ కాలేజీలో ఆవిణ్ణి పిల్లలు చాటుగా ‘కత్తెర మేడమ్’ అనేవారు. ప్రాక్టికల్ పరీక్షలో చేతులు కడుక్కోకపోయినా, రోగిని పలకరించకపోయినా మార్కు కత్తిరించేసేది. ఏడ్చినవాళ్లకు టీ ఇప్పించేదిగాని పోయిన మార్కు ఇచ్చేది కాదు.

ఆ ఏడాది బీపీ చూసే పరీక్ష రోజున, రోగిగా నటించాల్సిన ఆయా జ్వరమొచ్చి నిజంగానే రోగి అయి కూర్చుంది.

“నేనే పడుకుంటాలే, మార్కులు నువ్వు వెయ్యి,” అని తోటి మేడమ్‌కి చెప్పి, ఆవిడే చెప్పులు విడిచి మంచమెక్కింది.

పిల్లల పైప్రాణాలు పైనే పోయాయి. ఒకడు “గుడ్ మార్నింగ్ మేడమ్” అనేసి, నాలిక్కరుచుకుని, “అదే... పెద్దమ్మా” అన్నాడు. ఆవిడకు నవ్వాపుకోవడం గగనమైంది. వచ్చినవాళ్లంతా చేతికి పట్టీ చుట్టడం, గాలి కొట్టడం, “నూట ఇరవై, ఎనభై. అంతా బాగుంది” అని బయటపడటం. ఆవిడకూ సంతోషమే.

ఆఖరున గజగజ వచ్చింది. మేడమ్ కనిపిస్తే చాలు వణికిపోయే ఆ పిల్లకు స్నేహితులు పెట్టిన పేరది. స్టెతస్కోపు పెట్టి వింది. మొహం చిట్లించింది. గాలి తీసేసి, కాసేపాగి మళ్లీ చూసింది. తర్వాత రెండో చేతికి పట్టీ చుట్టింది.

“నూట డెబ్బై, నూట ఐదు ఉంది మేడమ్.”

“సరిగ్గా విన్నావా? అందరికీ నూట ఇరవయ్యే వచ్చిందమ్మా,” అంది తోటి మేడమ్.

గజగజ గొంతు వణికింది, మాట మాత్రం మారలేదు. “రెండు చేతులకీ చూశాను. మీరూ ఒకసారి వినండి మేడమ్.” మంచం వైపు తిరిగి, “అమ్మా, తలనొప్పేమైనా ఉందా? లేవకండి, అలాగే పడుకోండి,” అంది.

కొన్నాళ్లుగా పొద్దున్నే తల పగిలిపోతోంది ఆవిడకు. కళ్లజోడు మార్చాలేమో అనుకుంటూ నెట్టుకొస్తోంది. “ఉందమ్మా,” అంది, ఈసారి నటించకుండా.

తోటి మేడమ్ తనూ చూసి మొహం వేలాడేసింది. “అక్కా, పిల్ల చెప్పింది నిజమే.”

ఆ పూటే డాక్టరు మందులు రాశాడు. ఇంట్లో భర్త, “ఊరందరికీ బీపీ చూడటం నేర్పుతావు. దీపం కింద చీకటంటే ఇదే!” అని ఆటపట్టిస్తూనే మంచినీళ్లూ మాత్రా చేతికందించాడు.

మర్నాడు కత్తెర మేడమ్ క్లాసులోకి రాగానే అడిగింది. “నిజం చెప్పండి. చప్పుడు వినకుండానే నూట ఇరవై అన్నవాళ్లెవరు?”

పెద్దమ్మా అన్నవాడు ముందు లేచాడు. “వినపడలేదు మేడమ్. ఆ మాటంటే మీరు తిడతారేమోనని...”

ఒకరి వెనక ఒకరు క్లాసంతా లేచి నిలబడింది. కూర్చుని ఉన్నది గజగజ ఒక్కతే. మేడమ్ ఎవర్నీ తిట్టలేదు. నవ్వి, కుర్చీ లాక్కుని కూర్చుని, చీర చెంగు సర్ది చెయ్యి బల్ల మీద చాపింది.

“రండి. వినపడేదాకా వినండి.”