తుమ్మి మొక్క చిరునామా

మా అమ్మాయి చదివే కాలేజీలో ఎండు మొక్కలు దాచే గది నిండా కలరా ఉండల వాసన. అక్కడ ఒక అట్ట మీద అతికించిన తుమ్మి మొక్కను చూసి ఆగిపోయాను. కాడకు నేను చుట్టిన ఎర్ర దారం ఇంకా అలాగే ఉంది.

అప్పుడు నాకు ఏడేళ్లు. అమ్మ నౌపడ ఉప్పుమడుల్లో పనిచేస్తుంటే, నేను గట్టు మీది తుమ్మి మొక్కను పీకి, దారం చుట్టి, బొమ్మ చేసుకుని, దానితోనే కబుర్లాడేదాన్ని. ఒక మధ్యాహ్నం బొమ్మతో రోడ్డు మీదికొస్తే, మొక్కలు సేకరించే మేష్టారొకాయన ఎదురై, నా బొమ్మను అడిగి తీసుకున్నారు.

“ఎక్కడ పీకావమ్మా?”

చెబితే మిగిలినవీ పట్టుకుపోతారని భయపడ్డాను. “బావనపాడులోనండి,” అన్నాను. ఆయన రాసుకుని అటే వెళ్లిపోయారు.

సాయంత్రం అమ్మ విని నవ్వింది. “నిజం సెప్తే మళ్లీ వచ్చీవోడు గదే. నీకు మాటాడ్డానికి మనిషుండీవోడు.”

మర్నాడంతా ఆయన కోసం గట్టు మీదే కూర్చున్నాను.

అట్ట మీది చీటీలో భావనపాడు అనే ఉంది. అది తప్పని, ఆ గది చూసుకునే మేడమ్‌కి చెప్పాను.

“అసలు చోటు చూపిస్తారా?” అన్నారావిడ.

ఇప్పుడక్కడ రొయ్యల చెరువులు. అక్కడొక గట్టుండేదని చెప్పడానికి అమ్మ కూడా లేదు.

“వద్దులెండి, భావనపాడే ఉండనివ్వండి,” అన్నాను.