గోడకు అవతలి ముఖం

మా పెద్దనాయన పోయాడన్న కబురు పెద్దమ్మే చెప్పింది. వనపర్తిలో నా కుట్టు దుకాణం షట్టరు ఎత్తుతుండగా ఫోను మోగింది. "మీ పెద్దనాయిన లేస్తలేడు బిడ్డా. చాయ తాగుదువు లే అంటె పలుకుతలేడు" అంది. గొంతులో ఏడుపు లేదు. పెద్దమ్మకు చూపు లేదు. ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి, ముక్కు దగ్గర వేలు పెట్టి, అన్నీ తేల్చుకున్నాకే ఫోను చేసింది. రెండో అంకె నొక్కి పట్టుకుంటే నాకు కలిసేలా ఆ ఫోనును చేయించి పెట్టింది పెద్దనాయనే. చివరికి ఆయన కబురు చెప్పడానికే అది పనికొచ్చింది.

మానవపాడు దగ్గరి వాళ్ళ ఊరికి మేము చేరేసరికి వాకిలి నిండా జనం. "అదృష్టవంతుడు, నిద్రలనే పోయిండు. ఒకరితోని చేయించుకోలే" అని వచ్చినవాళ్ళంతా అదే మాట. నాకు ఒళ్ళు మండిపోయింది. చావు సుఖంగా వస్తే బతుకు బాగున్నట్టా? ఆయన కోరుకున్నది ఒకే ఒక్కటి. సముద్రం మీద చిన్న పడవ ఒకటి కిరాయికి మాట్లాడుకుని, పెద్దమ్మను ఎక్కించుకుని, ఒడ్డు వెంబడే ఒక పూట తిరిగి రావాలి. ఆమె కళ్ళు పూర్తిగా పోకముందే ఒక గోడను ఆమెకు చూపించాలి. అంతే. అది కూడా కాలేదు.

ఆ గోడ సంగతి మీకు చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో వాళ్ళిద్దరూ మేస్త్రి గుంపు వెంట వలస పోయారు. మా పాలమూరు వాళ్ళు తట్ట పట్టుకుని పోని చోటు లేదు కదా, వీళ్ళ వంతుకు సముద్రం వచ్చింది. ఒక రేవులో అలలను ఆపడానికి నీళ్ళలోకి రాళ్ళతో పొడుగ్గా గోడ కడుతున్నారు. పెద్దనాయన రాళ్ళు కొట్టాడు, పెద్దమ్మ కంకర మోసింది. గోనెపట్టాల గుడిసెలో కాపురం. పని అయిపోగానే లారీ ఎక్కించి ఊరికి పంపేశారు. ఉన్నన్నాళ్ళూ వాళ్ళు గోడ పైన ఉన్నారు, లేదంటే ఇవతల రాళ్ళ కుప్ప దగ్గర ఉన్నారు. అలలు కొట్టే అవతలి వైపు ఎలా ఉంటుందో చూడనే లేదు. అది పడవలో పోయేవాళ్ళకే కనబడుతుంది. సాయంత్రాలు పిల్లాజెల్లాతో చిన్న పడవల్లో షికారు వచ్చినవాళ్ళు గోడ మీది కూలీలకు చేతులు ఊపేవాళ్ళట. తిరిగి ఊపుదామంటే వీళ్ళ చేతులు నెత్తి మీది తట్టలకు ఉండేవి.

"మేము దాని వీపే చూసినం బిడ్డా. మొఖం చూడలే" అనేవాడు పెద్దనాయన.

ఆ లోటు ఆయనకు ఒక అలవాటైపోయింది. పెళ్ళికి పోయినా, గద్వాల బస్టాండుకు పోయినా, ఆ కట్టడం వెనక్కి పోయి ఒక చుట్టు చుట్టి రానిదే ఆయనకు తోచదు. నా దుకాణం తెరిచిన రోజు కొబ్బరికాయ కొట్టి లోపలికి వచ్చేసరికి మనిషి కనబడలేదు. వెతికితే వెనక సందులో ఉన్నాడు. "ముంగట అందరు సక్కగనే కడతరు. ఎనకకు పోయి చూస్తె ఎరుకైతది" అన్నాడు. వెనక గోడకు పూత పూయలేదని ఇంటి ఓనరును అప్పటికప్పుడు పిలిపించి మాట్లాడాడు. నా మొదటి మిషనును బస్సు దిగి నెత్తి మీద మోసుకొచ్చిందీ ఆయనే. ఈ రోజుకీ నేను జాకెట్టు కుట్టాక తిరగేసి లోపలి కుట్టు చూస్తాను. నా దగ్గర కుట్టించుకున్నవాళ్ళు పని బాగుందంటే అది నాకు ఆయన పెట్టిన భిక్ష.

వాళ్ళకు పిల్లలు లేరు. మా అన్నా నేనూ ఆ ఇంట్లోనే సగం పెరిగాం. అందుకే పెద్దమ్మకు షుగరుతో చూపు మసకబారుతోందని తెలిసినప్పుడు నాగర్‌కర్నూలులో కంటి డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని కొన్నాళ్ళు కాపాడుకోవడమేనని ఆయన చెప్పాడు. ముగ్గురం తిరుగు బస్సు ఎక్కాం. పెద్దనాయన ఆమెను అడిగాడు.

"ఉన్న చూపుతోని ఏం చూస్తవే?"

"నీ మొఖం చూస్త. ఇంకేముంది చూడనీకె?"

"నా మొఖం యాడికి పోతది, రోజు ఉండేదే. గోడ చూద్దాం పా."

ఆ సాయంత్రం మా ఇంట్లో మంచం మీద ప్రయాణం తయారైంది. జొన్నదంటు ఒకటి పెట్టి గోడ అన్నాడు. దాని కొసన చాయ గ్లాసు బోర్లించి లైట్‌హౌస్ అన్నాడు. పల్లికాయ పొట్టు పడవ. ఆ పొట్టును వేలితో తోస్తూ మాకు దారి చూపించాడు.

"ఈడ ఎక్కుతం. గిట్ల గోడ పక్కపొంటి పోతం. కొసకు పోయి మర్లుతం. గీడ జర దిగి సద్ది తింటం."

"గీడ దిగనీకె ఏముంటది పెద్దనాయినా? అంతా నీళ్ళే గద" అన్నాను.

"మరి కాళ్ళు సాపుకునుడు యాడ?" అన్నాడు నిజంగానే పరేషాన్ అయి. జీవితంలో ఆయన చేసిన ప్రయాణాలన్నీ బస్సులవీ లారీలవీ. మధ్యలో ఆగకుండా తిరిగి రావడమంటే ఆయనకు అది ప్రయాణం కిందికే రాదు.

ఊరికి పోయాక పందిరి మీది సొరతీగకు రెండు కాయలు కోయకుండా వదిలేసి ఎండబెట్టాడు. మా దిక్కు బావుల్లో పిల్లలు ఈత నేర్చుకునేది ఎండిన సొరబుర్ర నడుముకు కట్టుకునే. ఒకటి పెద్దమ్మకు, ఒకటి తనకు. ఆయనకు ఈత రాదు. సముద్రం పక్కన అంత కాలం ఉండి కూడా నేర్చుకోలేదు, నేర్చుకునే తీరిక ఎవరిచ్చారు? సొరబుర్రలు చూసి మా ఆయన నవ్వాపుకోలేక, "కుక్కతోక పట్టుకొని గోదారి ఈదినట్టుంది మామా" అన్నాడు. "తోక నువ్వు పట్టుకో అల్లుడా, బుర్రలు మాకు సాలు" అన్నాడు పెద్దనాయన.

తెలిసినవాళ్ళను పట్టుకుని ఆ రేవులో చిన్న ఇంజను పడవ ఉన్న ఒకాయన నంబరు సంపాదించాను. వైశాఖంలో వస్తామని చెప్పాం. మా మెట్ట సేద్యంలో మనిషికి ఊపిరి ఆడేది ఆ రోజుల్లోనే. మిర్చి కల్లం ఎత్తాక, మృగశిర రాకముందు. పెళ్ళిళ్ళు, మొక్కులు, దవాఖాన పనులు, అన్నీ అప్పుడే. కాబట్టి సముద్రం కూడా అప్పుడే అనుకున్నాం. ఇంకోలా ఉంటుందన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు.

పడవాయన నవ్వేశాడు. "ఎండాకాలంలోనా బాబాయ్ గారూ? వేట నిషేధం కదండీ. చేపలు గుడ్లు పెట్టే రోజులు, ఇంజను పడవ ఏదీ కదలకూడదు. అన్నీ ఒడ్డుకి లాగేసి రంగులేసుకుంటున్నామండి. తొలకరి పడ్డాక రండి."

"తొలకరి పడ్డంక నేను యాడొస్త నాయినా? ఇత్తనాలు పెట్టాలె గద."

"పోనీ చలికాలం రండి. సముద్రం నెమ్మదిగా ఉంటుంది."

"చలికాలం పత్తి ఏరుడుంటది. అది అయితె మిర్చి."

అటు నుంచి ఆయనా ఇటు నుంచి ఈయనా నెలలన్నీ ఒక్కొక్కటి చెప్పుకుంటూ పోయారు. సముద్రం తెరిచి ఉన్నప్పుడు మాకు తీరిక లేదు. మాకు తీరిక దొరికినప్పుడు సముద్రానికి తాళం. ఫోను పెట్టేశాక పెద్దనాయన మంచం మీద మళ్ళీ పేర్చుకున్న పొట్టు పడవను ఊది పారేశాడు. "సముద్రం సేద్యగాని కోసరం లేదు బిడ్డా" అన్నాడు.

మరుసటి ఏడు కార్తీకంలో పత్తి మొదటి తీతకూ రెండో తీతకూ నడుమ కాస్త సందు చేసుకున్నాడు. అప్పటికి పెద్దమ్మకు ఎదుటి మనిషి ఆకారం తెలిసేది, ముఖం తెలిసేది కాదు. గోడంటే పెద్దది కదా, అది కనబడుతుందని ఆయన ధైర్యం. రొట్టెలు చేసి మూట కట్టారు. మా ఆయన వ్యాను ఊరికి తెచ్చాడు. సొరబుర్రలు వెనక సీటులో పెట్టాక పడవాయన ఫోను చేశాడు. వాయుగుండం పట్టిందట, రేవులో హెచ్చరిక జెండా ఎగరేశారట. పెద్దనాయన వ్యానులోంచి తల బయటికి పెట్టి ఆకాశం చూశాడు. ఫెళ్ళున ఎండ. "ఆడ వద్దంటె పడుతది. ఈడ రమ్మంటె రాదు" అని వ్యాను దిగి పెద్దమ్మను కూడా దించాడు. రొట్టెలు వాకిట్లోనే తిన్నాం. ఆ ముసురు మర్నాడు మా దాకా వచ్చి చేలో విచ్చిన పత్తిని తడిపి పోయింది.

ఇంత జరిగాక ఎవరైనా వదిలేస్తారు. ఆయన తరవాతి వానాకాలం మిర్చి వేసే కౌలు చేనునే వదిలేశాడు. మిర్చి లేకపోతే మాఘంలో తీరిక. మాఘంలో సముద్రం నెమ్మది. ఒక్కసారికి రెండు కాలాలూ కలిశాయి. కౌలు వదులుకున్న రైతును ఊళ్ళో ఎవరు లెక్కపెడతారు? "ముసలోనికి సముద్రం పిచ్చి పట్టింది" అన్నారు. పట్టించుకోలేదు.

ఆ మాఘం, అంటే మొన్నటి మాఘం, వచ్చేసరికి పెద్దమ్మకు వెలుతురూ చీకటీ తప్ప ఇంకేం తెలియడం లేదు.

"నేను రాను. గుడ్డిదాన్ని పడవల కూసోబెట్టి ఊరేగిస్తవా? ఏం చూడనీకె రావాలె?" అంది.

"నేను చూసి చెప్త. నువ్వు విను."

"చెప్పెటిది ఈడనే కూసోని చెప్పు."

ఆయన బతిమాలతాడనుకున్నాను, కోప్పడతాడనుకున్నాను. ఏమీ చేయలేదు. లేచి సొరబుర్రలు రెండూ తీసుకుపోయి వసారా దూలానికి వేలాడదీశాడు. పడవాయన మంచివాడు. సంగతి విని, తానే ఒకరోజు గోడ చుట్టూ తిరిగి వీడియో తీసి నా ఫోనుకు పంపాడు. ఊరికి తీసుకుపోయి పెద్దనాయన చేతిలో పెట్టాను. ఆయన ఫోనును మంచం మీద బోర్లించాడు. "ఆమె చూడంది నేనొక్కన్నె ఎట్ల చూడాలె బిడ్డా?" అన్నాడు. అది ఇంకా నా ఫోనులోనే ఉంది. నేనూ తెరవలేదు.

ఆ తరవాత సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఆమెకు గోడ చెప్పేవాడు. ఎక్కడ రాయి జారింది, ఎక్కడ మేస్త్రితో కొట్లాట అయింది, ఏ మూలన ఆమె తట్ట దించి ఏడ్చింది. అన్నీ ఇవతలి వైపు సంగతులే. "మరి అవతల ఎట్లుంటది?" అని ఒకసారి ఆమె అడిగింది. నేను పక్కనే ఉన్నాను. ఏదో ఒకటి కల్పించి చెప్తే ఆమెకు కాసేపు బాగుండేది. పెద్దనాయన మాత్రం, "అవతలిది నాకు తెల్వదు. చూడంది చెప్తె అబద్ధమైతది" అన్నాడు. ఆమె ఇంక అడగలేదు. చైత్రంలో ఆయన పోయాడు. ఇప్పుడు ఆ రేవులో పడవలన్నీ మళ్ళీ ఒడ్డెక్కి ఉంటాయి.

మీలో రేవులకు పోయి, పిల్లలతో పడవ ఎక్కి ఒక పూట తిరిగి వచ్చేవాళ్ళు ఉంటారు. తప్పేం లేదు, తిరగండి. ఆ రాళ్ళు ఎవరు పేర్చారో మీకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. నాకు మాత్రం ఇక ఏ సముద్రమూ చూడబుద్ధి కాదు.

అస్థికలు కలపడానికి బీచుపల్లి దగ్గర కృష్ణకు పోయాం. కర్మ మా అన్నే చేశాడు. ఆడవాళ్ళెందుకు, అందులోనూ చూపు లేని మనిషి ఎందుకని చుట్టాలు గొణిగారు. పెద్దమ్మ ఎవరి మాటా వినకుండా వచ్చి వ్యానులో కూర్చుంది. ఎండాకాలం కృష్ణ ఎట్లా ఉంటుందో మా వాళ్ళకు చెప్పనక్కర్లేదు. పారే నీళ్ళు లేవు, బండల నడుమ మడుగులే ఉన్నాయి. అన్న కుండ వంచితే బూడిద ఎటూ పోలేదు. మెట్ల కిందనే కాసేపు తేలి, పచ్చటి నీళ్ళలో మెల్లగా మునిగింది.

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని చివరి మెట్టు మీద కూర్చుంది. కొంగు కింద నుంచి సొరబుర్ర తీసింది. దూలానికున్న రెండింటిలో ఒకటి తడుముకుని తెచ్చుకుందన్నమాట.

"ఆయనకు ఈత రాదు" అని దాన్ని నీళ్ళ మీద పెట్టి ముందుకు తోసింది.

అది కొంచెం దూరం పోయి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ ఆమె కాళ్ళ దగ్గరికే వచ్చి ఆగింది.

"పోతుందా బిడ్డా?"

చూడంది చెప్తే అబద్ధమన్నాడు పెద్దనాయన. నేను చూస్తూనే చెప్పాను. "పోతుంది పెద్దమ్మా."

"యాడి దాక పోయింది?"

"బ్రిడ్జి దాటింది. ఇగ కనబడ్తలేదు."

పెద్దమ్మ ఆ దిక్కుకు ముఖం తిప్పుకుని, చెయ్యి పైకెత్తి ఊపింది. చాలాసేపు ఊపింది. సొరబుర్ర ఆమె కాళ్ళ కింది మెట్టుకు తగులుతూ అక్కడే ఉంది.