అడుగున ఎవరూ లేరు

ఇనాదా కజూయో మార్కులు వేయడానికి వచ్చిన రోజున ఉరాహామా ఈతకొలనులో ఎవరూ ఆమెకు బార్లీ టీ ఇవ్వరు. ఇచ్చినా ఆమె తాగదు. పురపాలక సంఘం క్రీడా విభాగంలో చేరిన కొత్తలో, పరీక్ష రోజున ఒక లైఫ్‌గార్డు కుర్రాడు చల్లటి గ్లాసు తెచ్చి అందిస్తే, దాన్ని బల్ల మీద పెట్టించి, సాయంత్రం దాకా ముట్టకుండా ఉండి, వెళ్ళేముందు కాలువలో పారబోసింది. ఆ కుర్రాడు ఆ ఏడు తప్పాడు. టీ వల్ల కాదు, ఈల ఆలస్యంగా ఊదినందువల్ల. కానీ ఊళ్ళో టీ కథే నిలిచిపోయింది. అప్పటినుంచి ఆమెకు ‘రాయి’ అని పేరు. ఆ పేరు ఆమెకు తెలుసు. అది తిట్టు అని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఆ కొలనులో ఏళ్ళ తరబడి కాపలా కాస్తున్న ముకాయి తొకుజి ఒక్కడు మాత్రం ప్రతి ఏడూ గ్లాసు తెచ్చి ఆమె ముందు పెట్టేవాడు.

“ఏం మార్కుల మేడమ్, పారబోసే ముందు ఒక్క గుక్క తాగకూడదూ? విషం కలపలేదులే.”

“ముకాయి గారూ, టైమవుతోంది. కాపలా కుర్చీ ఎక్కండి.”

“ఎక్కుతా, ఎక్కుతా. నీకు ఈల ఊదడం రాని రోజుల నుంచీ ఎక్కుతున్న కుర్చీయేగా ఇది.”

అది నిజం. చేపలు పట్టేవాడి కూతురైన కజూయో పంతొమ్మిదో ఏట వేసవి పనికి ఆ కొలనుకు వచ్చినప్పుడు ఆమెకు పని నేర్పింది ముకాయే. ఈదడం ఆమెకు ఒకరు నేర్పనక్కర్లేదు, చూడటం నేర్పాడు. ఆ కొలనులో గంటకోసారి ఈల మోగుతుంది. పిల్లా పెద్దా అందరూ నీళ్ళలోంచి బయటికి వచ్చి, పది నిమిషాలు గట్టు మీద కూర్చోవాలి. కదలిక ఆగి నీళ్ళు తేటపడ్డాక కాపలావాళ్ళు లేచి నిలబడి, చెయ్యి చాచి, వేలు చూపిస్తూ అడుగంతా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వెతకాలి. వెతికి, గట్టిగా చెప్పాలి: “అడుగున ఎవరూ లేరు... యోషి!” యోషి అంటే సరే, అంతా బాగుంది అని. ఆ చివరి మాట పడితేనే మళ్ళీ నీళ్ళలో దిగడం. పడకపోతే మేయరైనా గట్టు మీద ఉండవలసిందే.

ఒక ఆగస్టు మధ్యాహ్నం కజూయో మనసు ఆ సాయంత్రం రేవులో కాల్చబోయే బాణసంచా మీద ఉంది. వేలు తిరిగింది, నోరు “యోషి” అంది, కళ్ళు మాత్రం ఎక్కడో ఉన్నాయి. ముకాయి పిల్లలను దిగనివ్వలేదు. అందరి ముందూ ఆమెను నీళ్ళలోకి దింపి, అడుగంతా చేత్తో తడిమి రమ్మన్నాడు. చెవులు నొప్పెట్టి, ముక్కులోకి నీళ్ళు పోయి, ఏడుస్తూ గట్టెక్కిన పిల్లతో అన్నాడు:

“చూస్తే చెప్పు. చూడలేకపోతే నోరు మూసుకో. పిల్లలు కాళ్ళు కాలి గంతులేసినా సరే, ఊరంతా వచ్చి తిట్టినా సరే. అర్థమైందా?”

అర్థమైంది. తరువాతి కాలంలో ఆమె ఆ శిక్షణ మీదనే పైకి వచ్చింది. చుట్టుపక్కల కొలనులన్నిటిలో లైఫ్‌గార్డుల పనిని కొలిచే అధికారి అయింది. పెళ్ళి చేసుకుంది, అది నిలవలేదు. తండ్రి పడవ అమ్మేసి, తల్లిని తన దగ్గర పెట్టుకుంది. వేసవి అంతా ఒకే రకం గొడుగు కింద, ఒకే రకం ఉప్పు అన్నపు ముద్దతో, ఒక కొలను తరువాత ఒక కొలను గట్టున కూర్చుని జనం ఈదే నీళ్ళను చూసేవాళ్ళను చూస్తూ గడిపింది. చెయ్యి నిటారుగా ఉందా, ఒంటిని వేలితో పాటు తిప్పుతున్నారా, గొంతు అవతలి గోడకు చేరుతోందా అని కొలిచేది. ఈ మూడింటిలో ముకాయికి ప్రతి ఏడూ నూటికి నూరు వచ్చేవి. ఆయన గొంతు రోడ్డు దాటి కూరగాయల కొట్టు దాకా వినిపించేది. పిల్లలు ఆయన్ను యోషి తాత అని పిలిచేవారు.

చలికాలంలో ముకాయి నారింజపళ్ళ సహకార సంఘంలో పెట్టెలు మోసేవాడు. అక్కడ ఆయన్ను ఎవరూ ఏమనీ పిలిచేవారు కాదు. ఒంటరి మనిషి. ఉద్యోగం ఏ వేసవికి ఆ వేసవిదే. పరీక్షలో నెగ్గినవాడే కుర్చీ ఎక్కాలి. తప్పినవాడు మరి ఎక్కకూడదు. అరవై నాలుగేళ్ళ మనిషికి మళ్ళీ పరీక్ష పెట్టేవాళ్ళు ఉండరు.

ఆ ఏడు పరీక్ష మారింది. వేరే ఊళ్ళో ఏదో ప్రమాదం జరిగిందని, పై నుంచి ప్రతి విభాగానికీ ఒక బొమ్మను పంపారు. బరువు కుట్టిన గుడ్డబొమ్మ, పసిపిల్ల ఎత్తు, నీళ్ళ రంగులో కలిసిపోయే మాసిన నీలం. కాపలావాళ్ళకు తెలియకుండా దాన్ని అడుగున వేసి, విరామంలో కనిపెడతారో లేదో చూడాలి. కజూయోకు ఆ పద్ధతి నచ్చింది. నచ్చింది కనుకనే తొందరపడలేదు. సోమవారం కొలనుకు సెలవు. మధ్యాహ్నం రెండింటికి, ఎండ సరిగ్గా పరీక్ష వేళ ఎలా పడుతుందో అలా పడుతున్నప్పుడు, బొమ్మను లోతు వైపు మూలన వేసి, తానే కుర్చీ ఎక్కి చూసింది. నీళ్ళ మీద మెరుపు ఉన్నా కనిపించింది. కనిపించకపోయి ఉంటే ఆ చోటు మార్చేసేదే.

మంగళవారం రెండు గంటల ఈలకు ముందు, ఈదుతున్నట్టుగా వెళ్ళి బొమ్మను అక్కడే వదిలింది. ఈల మోగింది. పిల్లలంతా ఐసు పొడి అమ్మే కిటికీ దగ్గరకు పరుగెత్తారు. లోతు తక్కువ వైపు సోఉతా అనే కాలేజీ కుర్రాడు తన సగం చూసి కేక వేశాడు. లోతు వైపు కుర్చీ మీద ముకాయి లేచాడు. చెయ్యి చాచాడు. వేలు గోడ వెంట, అడుగున గీసిన గీతల వెంట నెమ్మదిగా సాగి, మూలకు వచ్చి, సరిగ్గా బొమ్మ మీద ఆగింది.

“అడుగున ఎవరూ లేరు... యోషి!”

ఆ గొంతులో ఏ లోటూ లేదు. కజూయో పిల్లలకంటే ముందు నీళ్ళలో దూకి, బొమ్మను తువ్వాలులో చుట్టి సంచీలో పెట్టుకుంది.

“ఏమ్మా, నీకూ ఎండ దెబ్బ తగిలిందా? పిల్లలకంటే ముందే దూకావు!” అని పైనుంచి నవ్వాడు ముకాయి.

ఆమె సోఉతాను పిలిచి ముకాయి పక్కన నిలబడమంది. అతని వైపుకు ఇంకొకరిని రప్పించింది. కొలను మూసేవేళకు ముకాయిని గదిలోకి పిలిచింది.

“రెండింటి విరామంలో లోతు మూలన ఒక బొమ్మ ఉంది, ముకాయి గారూ.”

“ఏం బొమ్మ?”

చెప్పింది. ఆయన ముందు నవ్వాడు. “పో అమ్మాయ్, నాతోనా వేళాకోళం.” ఆమె నవ్వకపోవడం చూసి, “ఎండ,” అన్నాడు. “ఆ వేళకి ఎండ నీళ్ళ మీద పడి కళ్ళల్లో పొడుస్తుంది. నీకు తెలీదా?”

“తెలుసు. నిన్న అదే వేళకి నేను ఎక్కి చూశాను.”

“కనిపించిందా?”

“కనిపించింది.”

ముకాయి టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. “ఒక్క తప్పుకే మనిషిని దించేస్తావా? నువ్వు ఆ బాణసంచా రోజు తప్పితే నేను దించానా?”

న్యాయమైన ప్రశ్నే. ఒక్కసారి చూడకపోవడం పొరపాటు కావచ్చు, చూపు లేకపోవడం కావచ్చు. ఒక్క పరీక్షతో ఆ రెండింటినీ విడదీయలేం. “రేపు మళ్ళీ పెడతాను,” అంది. “చెప్పే పెడతాను. రేపు ఏ విరామంలోనైనా బొమ్మ ఉండొచ్చు.”

“అలా అన్నావు బాగుంది. రేపు నీకు టీ తాగిస్తా చూడు.”

బుధవారం ఉదయం పదకొండింటికి బొమ్మ మూడో గీత పక్కన ఉంది. ఈసారి పిల్లలు గట్టు అంచునే కూర్చున్నారు. ముకాయి లేచి, చాలాసేపు వేలు తిప్పి, ఒక్కసారిగా ఆగాడు.

“మూడో గీత పక్కన ఒకరున్నారు!”

పిల్లలు చప్పట్లు కొట్టారు. “యోషి తాత పట్టేశాడు!” “మేం ఎప్పుడో చూశాంలే!” ముకాయి ముఖం వెలిగిపోయింది. “చూశావా, మేడమ్?”

“చూశాను.”

ఆమె చూసింది వేరు. గట్టు మీద ఒక పిల్ల పక్కపిల్లను మోచేత్తో పొడిచి నీళ్ళలోకి తొంగి చూసింది. ముకాయి తల ముందు ఆ పిల్లల వైపు తిరిగింది, ఆ తరువాతే వేలు నీళ్ళలోకి వెళ్ళింది. మధ్యాహ్నం గొడుగు కింద కూర్చుని ఆమె అన్నపు ముద్ద విప్పింది. ఆయన పక్షాన చెప్పగలిగినదంతా తనకు తానే చెప్పుకుంది. మంచి కాపలాదారు జనం ముఖాలూ చదవాలి, ఆధారం ఎక్కడ దొరికితే అక్కడ తీసుకోవాలి, అదీ నేర్పే. కానీ నిజంగా ఒక బిడ్డ మునిగిన రోజున పక్కవాళ్ళకు తెలియదు. తెలియదు కనుకే ఆ విరామం ఉంది.

బొమ్మను పిండి, కంచె మీద పిల్లల తువ్వాళ్ళ మధ్య ఆరవేసి, క్లిప్పు పెట్టింది. మూడు గంటల ఈల మోగగానే పిల్లలందరినీ పోగుచేసింది.

“గోడవైపు తిరిగి కూర్చున్న వాళ్ళందరికీ ఐసు పొడి. వెనక్కి చూస్తే లేదు.”

“రాయి అత్తా, నిజంగానా?”

“సిరప్ ఏది? పుచ్చకాయదేనా?”

“ఏదైనా సరే. తిరగండి ముందు.”

తిరిగారు. నీళ్ళు నిలకడపడ్డాయి. సోఉతా తన సగం చూసి కేక వేశాడు. ముకాయి లేచి, చెయ్యి చాచాడు. మొదటి గీత, రెండోది, మూడోది. మూల దాకా వెళ్ళిన వేలు తిరిగి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. మధ్యలో ఆయన తల ఒకసారి పిల్లల వైపు తిరిగింది. వరసగా తడి వీపులు తప్ప అక్కడేమీ లేవు.

పది నిమిషాలూ అయిపోయాయి. కేక రాలేదు.

“యోషి తాతా, అయిపోయిందా?”

“తాతా, కాళ్ళు కాలిపోతున్నాయ్!”

“నిద్రపోయాడేమోరా!”

సిమెంటు మీద కాళ్ళు మార్చి మార్చి పిల్లలు గంతులేస్తున్నారు. తల్లులు నీడలోంచి లేచి చూస్తున్నారు. సోఉతా కజూయో వైపు చూశాడు, ఆమె కదలలేదు. ముకాయి చెయ్యి చాచే ఉంది. నోరు ఒకసారి తెరుచుకుంది. ఇన్ని వేసవుల అలవాటు, ఒక్క ఊపిరి వదిలితే చాలు, దానంతట అదే వచ్చేసే మాట. ఆయన నోరు మూసుకున్నాడు. చెయ్యి మెల్లగా దించాడు.

కజూయో కుర్చీ పక్కకు నడిచి వచ్చి, లోతు వైపంతా వేలు చూపించి, చూసి, తానే చెప్పింది: “అడుగున ఎవరూ లేరు. యోషి.”

పిల్లలు ఒక్కసారిగా దూకిన చప్పుడులో ముకాయి మెట్లు దిగాడు. సోఉతా ఎక్కాడు.

“ఎక్కడుంది?” అని అడిగాడు ముకాయి, గది తలుపు దగ్గర.

“లేదు. ఈసారి వేయలేదు.”

ఆయన తల కొలను వైపు తిప్పాడు. “అయితే ఎప్పట్లా అనేస్తే...”

“సరిపోయేది.”

“హూఁ.” బెంచీ మీద కూర్చుని మోకాళ్ళు రుద్దుకున్నాడు. “కంటి నరం ఎండిపోతోందట. చలికాలంలో చెప్పాడు డాక్టరు. కోసినా చూపు రాదట. గోడ మీద నల్ల అక్షరాలు చదివేస్తానమ్మా, చివరి వరస దాకా. నీళ్ళే... రంగులో రంగు కలిసిపోతుంది. నీళ్ళు ఒట్టి నీలంగా ఉంటాయి, అంతే.”

“నిరుడు?”

“నిరుడూ కొంచెం అనుమానమే.”

“నిరుడు మీకు నూటికి నూరు వేశాను.”

“వేశావు. గొంతు బాగుందిగా.”

దెప్పిపొడుపు లేదు ఆ మాటలో. ఆమె కాగితం తీసి, ఆయన ఎదుటే, తప్పినట్టు రాసింది. చూపు కోసం పెట్టిన చోట సున్నా వేసింది. ఈ మధ్యాహ్నం ఆయన నోరు మూసుకున్నందుకు మార్కులు వేయడానికి ఆ కాగితంలో చోటు లేదు. చోటు లేనిచోట రాయడం ఆమెకు అలవాటు లేదు. ఆయన దాన్ని చదవమని అడగలేదు. సంతకం ఎక్కడ చేయాలో వేలు పెట్టి చూపించింది, చేశాడు.

“ఇవాళ టీ తేలేదు,” అన్నాడు లేస్తూ.

“పరవాలేదు.”

బయట కంచె మీద తన తువ్వాలు కోసం ముకాయి చేత్తో తడుముకుంటూ పోతున్నాడు. చెయ్యి ఒక చోట ఆగింది. తడి గుడ్డ, లోపల బరువు. రెండో చెయ్యీ వేశాడు.

“ఇదేనా?”

“ఇదే.”

తలను తడిమాడు. భుజాలు, చేతులు, కాళ్ళ చివర దాకా తడిమాడు.

“ఇంత చిన్నదా!” అన్నాడు. “మూడేళ్ళ పిల్ల ఉంటుంది కదూ.”

“అంతే ఉంటుంది.”

మెలితిరిగిన ఒక చేతిని సరిచేసి, క్లిప్పు మళ్ళీ గట్టిగా పెట్టాడు. అప్పుడే నాలుగు గంటల ఈల మోగింది. సంచీ భుజాన వేసుకున్నవాడు కదలకుండా గేటు దగ్గరే నిలబడ్డాడు. పిల్లలు గట్టెక్కారు. సోఉతా గొంతు పలచన, రోడ్డు దాటదు. అయినా మాట వచ్చింది. పిల్లలు మళ్ళీ దూకిన చప్పుడు విని, ముకాయి గేటు తెరుచుకుని వెళ్ళిపోయాడు. కజూయో తల తిప్పలేదు. ఆమె ఇంకా అడుగునే చూస్తోంది.