తలుపు వెనక ఏడు వేలిమరకలు

రంజాన్‌కు ముందు ఇల్లంతా రంగు వేయించడం బీబమ్మ ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. కమలాపురంలో ఎన్నో ఇళ్లకు రంగులు వేసిన ఆమె భర్త వలి సాహెబ్, సొంత ఇంటికి మాత్రం నెలవంక కనబడే ముందురోజు హడావుడిగా వేసేవాడు. ఆయన చనిపోయిన ఏడాది ఆ ఇంట్లో ఎవరూ బ్రష్ ముట్టలేదు. ఈ ఏడు, ఆయన్ను అన్నా అని పిలుస్తూ ఇరవై ఏళ్లు కలిసి పనిచేసిన ఏసన్న పిలవకుండానే నిచ్చెన మోసుకొచ్చాడు.

ముందు గది అయింది. లోపలి గదిలో గోడను చూసి ఏసన్న తల గోక్కున్నాడు. ముదురు నేరేడుపండు రంగు గోడ. వానలకు ఉబ్బి పెచ్చులు లేచింది.

"మీగడ రంగు కొట్టేస్తా వదినా. గది వెలుతురుగా ఉంటాది."

"వద్దప్పా. ఆ రంగే కావాల."

"యాడ దొరుకుతాది? మా అన్న చేత్తో కలిపిన రంగది."

అయినా అంగడికి పోయి ఒక డబ్బా తెచ్చాడు. మూత తీయగానే బీబమ్మ పెదవి విరిచింది.

"ఇది వంకాయప్పా. కూరకు పనికొస్తాది."

ఏసన్న నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. ఆ రంగు పోతే, ఆ రోజు కూడా పోయినట్టే.

పెళ్లయిన మూడో ఏడు. నేరేడుపళ్లు తింటూ, మరకలంటిన తన అరచేయి భర్తకు చూపించి, "మన గదికి ఈ రంగు వేయరాదా" అంది. "గుహ మాదిరి ఉంటాది" అని అత్త కసురుకుంది. మరునాడు పొద్దున్నే వలి సాహెబ్, పనికి పోయే ముందు, మిగిలిన డబ్బాల్లోంచి మెరూను, నీలం, కాస్త నలుపు ముందేసుకుని కూర్చున్నాడు. కలిపినప్పుడల్లా తలుపు వెనక వేలితో మరక పెట్టేవాడు. తడి రంగును నమ్మేవాడు కాదు. అది ఆరాకే "ఇదేనా?" అని అడిగేవాడు.

నాలుగోదే సరిగ్గా నేరేడు. కానీ ఔనంటే సైకిలెక్కి వెళ్లిపోతాడు. అందుకే కాదంది. ఐదోదీ, ఆరోదీ చూడకుండానే కాదంది. ఏడోదానికి ఒప్పుకునేసరికి పొద్దు వాలింది. ఆ రోజంతా ఆయన్ను మోసం చేశానన్న మాట ఎన్నడూ చెప్పలేకపోయింది. ఆస్పత్రి మంచం పక్కన కూర్చున్నప్పుడు కూడా నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

బీబమ్మ తలుపు మూసి, దాని వెనకవైపు చూపించింది. ఇన్నేళ్లూ ఆ మరకల మీద తడిగుడ్డ పడనీయలేదు గానీ, ఆ చీకటి మూలలో వాటిని పరికించి చూసిందీ లేదు. ఏసన్న సెల్‌ఫోను లైటు వేసి ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు.

"ఇదేంది వదినా, ఈ నాలుగూ ఒకటే రంగుండాయి?"

"ఏ నాలుగు?"

"నాలుగోదాని కాడ్నించి ఏడు దాకా. గింజంత తేడా లేదు. మా అన్న ఊరికే పుల్ల తిప్పుతా కూర్చున్నాడు సూడు!"

బీబమ్మ వంగి చూసింది. తర్వాత గడప మీద కూర్చుండిపోయింది.

"ఎంత దొంగోడప్పా మీ అన్న" అంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

ఏసన్న తన పని డబ్బాల్లోని మెరూనులో నీలం, కాస్త నలుపు పోసి, పుల్లతో తిప్పి, ఏడో మరక పక్కన ఎనిమిదోది పెట్టాడు.

"ఇదేనా వదినా?"

"ఆరనీప్పా" అంది బీబమ్మ. "తొందరేముండాది."