తిరగేసి కొట్టిన పట్టీ

1994లో నేను బహ్రెయిన్‌లో ఒక మెయింటెనెన్స్ కంపెనీలో కార్పెంటర్‌ని. మాది జగిత్యాల వైపు పల్లె. కంపెనీ ఆఫీసూ మా క్యాంపూ ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఉండేవి. ఆ వేసవి మొదట్లో ముహర్రక్‌లో ఒక ఇంటి ప్రహరీకున్న చెక్క గేటు ఒరిగిపోయిందని, బాగుచేసి రమ్మని నన్ను పంపారు.

ప్రతి పనికీ ఒక జాబ్ కార్డు ఉంటుంది. అందులో 'కారణం' అన్న గడిని పని చూశాక కార్పెంటర్ నింపాలి, ఆపైన ఫోర్‌మన్ సంతకం చెయ్యాలి. పద్ధతి అది. జరిగేది వేరు. మేము వ్యాను ఎక్కకముందే ఫోర్‌మన్ ఆ గడిలో 'మిస్‌యూజ్' అని రాసేసేవాడు. అంటే వాడినవాళ్ళదే తప్పు, కంపెనీది కాదు అని. నాకు ఇంగ్లీషు రాదు గానీ, ఆ ఒక్క మాటా చూసి చూసి గుర్తుండిపోయింది. గేటు మొహం చూడకుండానే కారణం రాసేసే ఆ పెద్దమనిషి మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గేటు తీసింది ఆ ఇంట్లో పనిచేసే సత్యవతి. గోదావరి జిల్లా మనిషి. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. ముందురోజు ఇంటి యజమానురాలి మూడేళ్ళ బిడ్డ గేటు దాటి రోడ్డు మీదకు వెళ్ళాడట. కారువాడు బ్రేకు వేయబట్టి సరిపోయింది. సత్యవతి గడియ వెయ్యలేదని నింద వేసి, ఆమెను ఇండియాకు పంపెయ్యాలని నిర్ణయించారు.

"గడియ వేసే లోపలికెళ్ళానండి. పడ్డట్టే పడి ఊడిపోద్దండి. అమ్మగారికి మూడుసార్లు చెప్పాను, వినిపించుకోలేదండి. బిడ్డని రోడ్డు మీదకి వదిలేసిందంటున్నారు అన్నయ్యా" అంది.

"ఏడ్వకు చెల్లె. తప్పు ఎవలదో జర చూడనియ్యి" అన్నాను.

చూడటానికి ఎంతోసేపు పట్టలేదు. చెక్క గేటుకు మూల నుంచి మూలకు ఒక ఏటవాలు పట్టీ ఉంటుంది. అది గేటును పట్టి తిప్పే బందులున్న వైపు కింది మూలలో మొదలై, గడియ వైపు పై మూలకు చేరాలి. అప్పుడే గేటు బరువు పట్టీ మీదుగా కింది బందుకు దిగుతుంది. ఇక్కడ దాన్ని తిరగేసి కొట్టారు. మేకులు వదులై, గేటు గడియ వైపు వేలెడు కుంగింది. గడియ కొక్కెం అంచున ఆనుతోంది తప్ప లోపలికి దిగడం లేదు. మా పనిలో చేరిన మొదటి నెలలో నేర్పే సంగతి ఇది.

ఇంటి పెద్దాయనకు హిందీ బాగా వచ్చు. ఈ పట్టీ ఎవరు వేశారని అడిగాను. రెండు నెలల కిందట మీ ఫోర్‌మనే దగ్గరుండి వేయించాడని చెప్పాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తను చేసిన తప్పుకు కార్డులో వేరేవాళ్ళ మీద నెపం రాసి పంపాడు, ఇక్కడేమో ఆ తప్పు ఈ ఆడమనిషి నెత్తిన పడింది!

కస్టమర్లతో మాట్లాడకూడదని మాకు నియమం. అయినా ఆయన్ను గేటు దగ్గరికి పిలిచి, గడియ మీరే వెయ్యండి బాబా అన్నాను. వేశాడు. గేటును కాస్త నెట్టాను, తెరుచుకుంది. మళ్ళీ వేశాడు, మళ్ళీ తెరుచుకుంది. మూడోసారి ఆయన గడియ ముట్టుకోలేదు. కోడలిని, అంటే ఆ బిడ్డ తల్లిని, బయటికి పిలిచి అరబ్బీలో ఏదో గట్టిగా అన్నాడు. ఆమె సత్యవతి వైపు చూడకుండానే లోపలికి వెళ్ళిపోయింది. సత్యవతి ఇండియా ప్రయాణం మాత్రం ఆగిపోయింది. పొరపాటైందని ఆ ఇంట్లో ఒక్కరూ ఆమెతో అనలేదు.

గేటు కింద చెక్కముక్కలు పెట్టి మట్టానికి లేపి, పట్టీ విప్పి సరైన వైపు బిగించాను. గడియ టక్కున దిగింది. కార్డులో ఆ ఇంగ్లీషు మాట కొట్టేసి, పక్కన తెలుగులో 'పట్టీ తిరగేసి కొట్టారు' అని రాశాను. కింద పెద్దాయన సంతకం పెట్టాడు.

ఇదెవడు చదువుతాడని ఫోర్‌మన్ ఆఫీసులో అరిచాడు. చదివేవాళ్ళు క్యాంపులో నలభైమంది ఉన్నారు భాయ్ అన్నాను. మరునాడే నన్ను కర్జకాన్ సైటులో ఎండన పడి స్లాబులకు చెక్కలు కొట్టే సెంట్రింగు పనికి తోసేశాడు. ఏడు నెలల తర్వాత, గేట్లు చేసేవాళ్ళు దొరక్క, తనే వెనక్కి పిలిచాడు.

పని చూడకముందు రాసిన కారణాన్ని ఒప్పుకోకూడదని ఆ గేటు దగ్గర నేర్చుకున్నాను. నేను రిటైరయ్యేదాకా కార్డుల మీద ఆ మాట వస్తూనే ఉంది. ముందు దాన్ని కొట్టేసేవాణ్ణి, తర్వాతే పనిముట్ల పెట్టె తెరిచేవాణ్ణి.