పది పక్కన పద్నాలుగు

మా వీధిలో ఇరవై నాలుగు ఇళ్లు. అన్నీ ఒకే వరస. ఎదురుగా కంచె, కంచె అవతల రైలు పట్టాలు. ఇంజన్ల షెడ్డు వైపు మొదటి ఇల్లు ఒకటో నంబరు, చిట్టచివరిది ఇరవై నాలుగు. రైల్వే కంపెనీ కాలంలో ఇంగ్లీషువాళ్లు ఆ వీధి కట్టినప్పటి నుంచి, నాకు తెలిసినంతవరకు, ఈ వరస తప్పింది ఎనభై నాలుగు రోజులు మాత్రమే. 1962 ఏప్రిల్ 9 సోమవారం మొదలు జూలై 1 ఆదివారం దాకా, రెండు తేదీలూ కలుపుకుని. బిట్రగుంట రైల్వే కాలనీ సంగతులు చెప్పేవాళ్లు డాన్సు హాలు గురించి చెబుతారు, క్రిస్మస్ కేకుల గురించి చెబుతారు. ఈ ఎనభై నాలుగు రోజుల గురించి చెప్పగా నేను వినలేదు. అందుకని రాస్తున్నాను.

ఇంగ్లండులోని ఏదో చిన్న ఊరి నుంచి ఒక వీధిని ఊడబెరికి తెచ్చి కావలి పక్కన దించినట్టు ఉండేది మాది. ఎర్ర పెంకులు, వంటింటికి ఇటుకల పొగగొట్టం, ఇంటికో చెక్క గేటు. గేటు స్తంభానికి నీలం ఎనామిల్ పలక, దాని మీద తెల్లటి అంకె. ఆ పలకలు ఓడలో వచ్చాయనేవారు. మేము 1952లో చేరేనాటికి ఇరవై నాలుగిళ్లలో పదిహేను ఆంగ్లో ఇండియన్లవి, తొమ్మిది మనవాళ్లవి. 1962 నాటికి ఆ పదిహేను ఆరయ్యాయి. ఒక్కో కుటుంబం సామాను అమ్ముకుని వెళ్లిపోతుంటే ఆ ఇంట్లోకి మనవాళ్లు దిగేవాళ్లు. పియానో ఉన్న గదిలో వడ్ల బస్తాలు పడేవి.

మా నాయన గూడ్సు బండ్ల డ్రైవరు. మేము పద్నాలుగో నంబరులో ఉండేవాళ్లం. పదకొండులో ఇంకో గూడ్సు డ్రైవరు ఉండేవాడు. నాయన కంటే నాలుగేళ్లు పెద్ద. నాయన ఆయన్ని అన్నా అనేవాడు, నేను పెదనాయనా అనేదాన్ని. పదకొండు ముందు కుళాయి ఉంది, పద్నాలుగు వెనక పెద్ద దొడ్డి ఉంది. మా అవ్వకు, అంటే నాయన వాళ్లమ్మకు, మోకాళ్ల నొప్పులు. కుళాయి దగ్గరగా కావాలి. వాళ్లకు బర్రె ఉంది, దొడ్డి కావాలి. రెండిళ్లవాళ్లూ అర్జీ పెట్టుకుని, అనుమతి తెచ్చుకుని, ఇళ్లు మార్చుకున్నారు. అంతవరకు సక్రమంగానే జరిగింది.

సామాను మోస్తుంటే అవ్వ గేటు దగ్గర ఆగిపోయింది.

"ఈ నంబరు కిందనే గదరా నీకు డ్రైవరు పని వచ్చింది. దీన్ని వాళ్లకు ఇడిసిపెట్టి పోతామా?"

నాయన స్క్రూలు తిప్పి పద్నాలుగు పలక ఊడదీశాడు. అది చూసిన పెద్దమ్మ తన గేటు దగ్గరికి నడిచింది.

"మా పదకొండు ఏం పాపం చేసింది? దీని కిందనే నాకిద్దరు కొడుకులు పుట్టినారు. ఏమయ్యా, నువ్వు కూడా ఊడదియ్!"

ఇద్దరూ ఊడదీశారు, ఎవరి నంబరు వాళ్లు బిందెలతో పాటు కొత్తింటికి తెచ్చుకుని బిగించుకున్నారు. నాకప్పుడు పన్నెండేళ్లు. వీధి మధ్యలో నిలబడి అరిచాను.

"పది పక్కన పద్నాలుగు వస్తుంది గదా! పదమూడు తర్వాత పదకొండు!"

"వస్తే ఏంమే? కొట్టుకుంటాయా?" అంది అవ్వ.

వీధంతా నవ్వింది. ఆఫీసు లెక్కల్లో మాత్రం మా ఇల్లు పదకొండు, పెదనాయన ఇల్లు పద్నాలుగు. ఏ ఇబ్బందీ రాలేదు, ఎందుకంటే మా కాల్‌మన్‌కు నంబర్లతో పని లేదు. బండి బయల్దేరడానికి రెండు గంటల ముందు డ్రైవరు ఇంటికొచ్చి, పిలుపు చీటీ మీద సంతకం పెట్టించి, దాన్ని చేతికిచ్చి, షెడ్డుకు రమ్మని చెప్పేవాడే కాల్‌మన్. ఆయనకు ప్రతి డ్రైవరూ ముఖం చూస్తే తెలుసు, దగ్గు వింటే తెలుసు. ఆయన జూన్ 30న రిటైరయ్యాడు.

జూలై 1 ఆదివారం. మెయిలు నడిపే డ్రైవరుకు జ్వరం. రేపు నీ వంతు రావచ్చు, సిద్ధంగా ఉండు అని నాయనకు ముందురోజే చెప్పారు. మెయిలు! నాయన తొమ్మిదేళ్లు గూడ్సు బండ్లు నడిపాడు, ప్రతి స్టేషనులో పక్క లైనులో ఆగి మెయిలుకు దారి ఇచ్చాడు. ఆ రోజు పదింటికే స్నానం చేసి, నీలం కోటు తొడుక్కుని, వరండాలో కూర్చున్నాడు. బండి మా స్టేషను వదిలేది రెండూ ముప్పై అయిదుకు. అంటే పిలుపు పన్నెండూ ముప్పై అయిదుకు రావాలి. గోడ గడియారం కింద నేను నిలబడ్డాను. అమ్మ క్యారియరు కట్టింది. నా కాళ్లు ఒకచోట నిలవలేదు.

పన్నెండూ ముప్పై అయిదు అయింది. నలభై అయింది. నలభై అయిదు.

"పోరాదా నువ్వే?" అంది అమ్మ.

"పిలవకుండా ఎట్ట పోతాను? ఇంకొకరిని పిలిచినారేమో. పోయి నవ్వులపాలు కావాల్నా?"

పన్నెండూ యాభైకి నాయన కోటు పై గుండీ విప్పాడు. రెండో గుండీ విప్పుతుంటే నేను చూడలేక వీధిలోకి వచ్చాను.

మూడిళ్ల అవతల గేటు దగ్గర పెద్దమ్మ నిలబడి ఉంది. ముఖం వెలిగిపోతోంది. చుట్టూ నలుగురు ఆడవాళ్లు.

"రామ్మే, రా! మీ పెదనాయన్ని మెయిలుకు పిలిచినారు! ఎవురో కొత్త కాల్‌మన్. 'పదకొండు ఏడుందో ఎతికి ఎతికి చచ్చినానమ్మా' అంటా వచ్చినాడు. ఈయన బండి పేరు చూసి, గబుక్కున సంతకం పెట్టి, అన్నం కూడా తినకుండా, సైకిలు కూడా మరిచి పరిగెత్తినాడు!"

ఆమె తల పక్కనే నీలం పలక. పదకొండు.

పెదనాయన బండి పేరు చూశాడు, కింద డ్రైవరు పేరు చూడలేదు. ఆమె అప్పటికే పసుపు రాసిన కొబ్బరికాయ పట్టుకుని ఉంది.

"పెద్దమ్మా, ఆఫీసులో పదకొండు మా ఇల్లు. మీది పద్నాలుగు. ఆ పిలుపు నాయనది."

పెద్దమ్మ పలక వైపు చూసింది, నా వైపు చూసింది. కొబ్బరికాయ గేటు మీద పెట్టింది. లోపలికి పోయి పెదనాయన సైకిలు తోసుకుంటూ వచ్చింది.

"నిలబడతావేందే? మీ నాయన్ని దీని మీద పొమ్మను. పరిగెత్తు!"

పరిగెత్తాను. నాయన గుండీలు పెట్టుకుంటూనే సైకిలెక్కాడు. వెనక నేను, నా ఒళ్లో క్యారియరు. వీధి మలుపు దగ్గర కుక్కను తప్పించబోయి పడబోయాం, పడలేదు. షెడ్డు మైలు దూరం. మేము గేటు చేరేసరికి ఒంటిగంటా అయిదు.

ఇంజను బయట ఆవిరి కక్కుతూ నిలబడి ఉంది. దాని కింద, చక్రాల పక్కన, పెదనాయన నూనె డబ్బా పట్టుకుని వంగి ఉన్నాడు. బండి కదిలే ముందు ప్రతి కీలుకూ నూనె పోసి, చేత్తో తడిమి చూసుకోవడం డ్రైవరు పని. ఆయన ఈల వేస్తూ పోస్తున్నాడు.

"ఏందబ్బా, నన్ను సాగనంపను వచ్చినావా?" అన్నాడు నాయనను చూసి.

నాయన సైకిలు నాకు అందించాడు. "అన్నా, పలకలన్నా" అన్నాడు.

ఆ ఒక్క మాట చాలింది. పెదనాయన జేబులోంచి పిలుపు చీటీ తీశాడు. చదివాడు. మడిచాడు. దూదిపీచుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు, పది వేళ్లూ. నేను లెక్కపెట్టాను.

"నువ్వే పో అన్నా. సంతకం నీదే గదా" అన్నాడు నాయన.

"ఏం పోయేది? చీటీలో నీ పేరుంటే నేను తోలితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి" అన్నాడు పెదనాయన. తర్వాత గొంతు తగ్గించి, "కుడిపక్కంతా అయింది. ఎడమపక్క మూడున్నాయి. నేనే పోస్తాను. నువ్వు పైకెక్కి నిప్పు చూసుకో. టయిము లేదు. పలకలు రేపు నేనే మార్చి బిగిస్తాను" అన్నాడు.

నాయన ఎక్కాడు. పెదనాయన మిగిలిన మూడూ పూర్తిచేసి, డబ్బా పైకి అందించాడు. ఫోర్‌మన్ భోజనం చేసి వచ్చేసరికి ఇంజనులో నాయన ఉన్నాడు, కింద పెదనాయన ఉన్నాడు, చీటీ మీద పాత సంతకం కొట్టేసి కొత్త సంతకం పడింది. ఆయన చీటీ చూసి జేబులో పెట్టుకున్నాడు.

మేమిద్దరం షెడ్డు గేటు దగ్గరే నిలబడ్డాం. రెండూ ముప్పై అయిదుకు మెయిలు కదిలింది. నాయన ఈల కొట్టాడు. గూడ్సు ఈల కాదు అది, పొడుగ్గా, కాలనీ అంతా వినబడేలా! నేను ఎగిరి గంతేశాను. పెదనాయన చేతి గడియారం నా వైపు తిప్పాడు.

"ఎంతమే?"

"రెండూ ముప్పై అయిదు. ఒక్క నిమిషం పోలేదు పెదనాయనా."

ఆయన తల ఊపి, సైకిలు నడిపించుకుంటూ ఇంటి దారి పట్టాడు. వీధి మొదట్లో ఆయన అడుగులు మందగించాయి. ఆయన ఇంటికి చేరాలంటే పదమూడు గేట్లు దాటాలి. వాటిలో తొమ్మిది గేట్ల దగ్గర జనం నిలబడి ఉన్నారు; మెయిలుకు పిలుపు వచ్చిందని అందరికీ పెద్దమ్మే చెప్పింది మరి.

"ఏమన్నా, మెయిలుకు పోలా?" అని మొదటి గేటు నుంచి అడిగారు.

పెదనాయన ఆగాడు. నా వైపు చూడలేదు.

"మెయిలు పోయింది. నేనే తయారు చేసి పంపినాను" అన్నాడు మెల్లగా.

రెండో గేటు దగ్గర ఇంకొంచెం గట్టిగా అన్నాడు. అయిదో గేటు దగ్గర సైకిలు స్టాండు వేసి, కుడిపక్క ఎన్ని, ఎడమపక్క ఎన్ని అని చేతులు తిప్పి చెప్పాడు. తొమ్మిదో గేటు దగ్గర ఎవరూ అడగకముందే మొదలుపెట్టాడు.