స్కానింగులో కనపడని నొప్పి

నొప్పి మొదట ఎడమ పిర్రలో ఒక్క చోట పట్టుకుంది. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే షెడ్డులో ఏళ్ల తరబడి నేల మీద కాలు మడిచి కూర్చుని పని చేసినదాన్ని. కూర్చుని కూర్చుని తిమ్మిరెక్కిందిలే అనుకున్నాను. కొన్నాళ్లకు అది తొడ వెనకగా దిగి పిక్క దాకా లాగడం మొదలుపెట్టింది. నిలబడితే ఓర్చుకోగలను, కూర్చుంటే ప్రాణం పోయేది. షెడ్డు మానేశాను.

ఇంటి పని మానడానికి మాత్రం వీల్లేదు. మాది ఉమ్మడి కాపురం. మా అత్త, నా భర్త, మా బావ, తోటికోడలు. కోడళ్లిద్దరికీ వంతులు. ఒక వారం ఒకరికి వంట, రెండో ఆమెకు గేదెలు. ఒకరు పడుకుంటే రెండు వంతులూ మరొకరి నెత్తిన పడతాయి. తోటికోడలు నాకంటే పెద్దది. కాపురానికొచ్చిన నాటి నుంచి అక్కా అని పిలిచాను, నిజంగా అక్కే అనుకున్నాను.

నెల్లూరులో నడుముకు స్కానింగు తీయించాక, ఆత్మకూరులో ఎముకల డాక్టరు దగ్గరికి నన్ను తీసుకుపోయింది కూడా ఆమే. డాక్టరు ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, వెన్నుపూసలు, డిస్కులు బాగానే ఉన్నాయన్నాడు. తర్వాత బల్ల మీద కుడివైపుకు పడుకోబెట్టి, ఎడమ మోకాలు మడిచి కిందికి నొక్కాడు. నేను బల్ల అంచు పట్టుకుని కేక పెట్టాను.

"ఇదమ్మా అసలు సంగతి," అన్నాడు మా అక్క వైపు తిరిగి. "పిర్ర లోపల పిరిఫార్మిస్ అని చిన్న కండరం ఉండాది. అది బిగుసుకుపోయి, కాల్లోకి దిగే సయాటికా నరాన్ని నొక్కతా ఉండాది. ఆపరేషనేం అక్కర్లేదు. కొన్ని వారాలు ఈమె నేల మీద కూర్చోకూడదు, బరువులెత్తకూడదు. పని మీరు చూసుకోవాల."

ఆమె తలూపింది. పక్క గదిలో వ్యాయామం నేర్పారు. వెల్లకిలా పడుకుని, ఎడమ మడమను కుడి మోకాలి మీద వేసి, కుడి తొడను రొమ్ము వైపు లాక్కోవాలి. నేను అవస్థ పడుతుంటే నా తల కింద చెయ్యి పెట్టింది కూడా ఆ మనిషే.

ఇంటికి రాగానే డాక్టరు చెప్పిందంతా అత్తకు చెప్పాను. అత్త నా మాట విని తోటికోడలి వైపు చూసింది.

"ఏంది, ఏమన్నాడు డాక్టరు?"

"స్కానింగులో ఏం లేదన్నాడత్తా."

అంతే. చెంబు తీసుకుని కాళ్లు కడుక్కోవడానికి పోయింది. అబద్ధమని నిలదీయడానికి కూడా వీల్లేని మాట. నా ఒళ్లు మండిపోయింది. మరుసటి పొద్దున గొంతుక్కూర్చుని గేదెల పాలు పిండుతూ ఏడ్చాను.

ఆ నల్ల ఫిల్ముకు మా ఇంట్లో ఉన్న పరువు నాకు లేకుండా పోయింది. వ్యాయామానికి పడుకుంటే అత్త, "పట్టపగలు ఆ కాళ్లు పైకెత్తడం ఏంది" అనేది. నా భర్త మాత్రం మెత్తగానే మాట్లాడేవాడు. "స్కానింగులో ఏం లేదు గదా, ఊరికే మనసులో పెట్టుకోబాక," అనేవాడు. ఒకరోజు ఉండబట్టలేక తోటికోడలిని అడిగాను.

"ఎందుకట్ట చెప్పినావక్కా?"

"నాకుండేది కూడా నడుమే గదా," అని పప్పు ఎనుపుకుంటూ ఉండిపోయింది. ఆ రోజు నుంచి ఆమెతో మాటలు మానేశాను.

కాలివేళ్లు మొద్దుబారడం మొదలయ్యాక నా భర్తను పట్టుబట్టి ఆత్మకూరు తీసుకుపోయాను. పాపం, ఆయన డాక్టరు మాట చెవులారా వినలేదు కాబట్టి ఇలా ఉన్నాడు, వింటే మారతాడని నా నమ్మకం. డాక్టరు మళ్లీ అలాగే నొక్కి చూసి, విశ్రాంతి ఎందుకివ్వలేదని కోప్పడ్డాడు. పిర్రలోకి ఇంజెక్షను వేసి, కండరం సంగతి, నరం సంగతి మొదటి నుంచి ఆయనకు చెప్పాడు. నేను నా భర్త ముఖమే చూస్తున్నాను. ఆయన తెలిసిన సంగతే విన్నట్టు తలూపుతున్నాడు.

తిరుగు బస్సులో ఆయనకు సీటు దొరికింది. నేను కమ్మీ పట్టుకుని పక్కనే నిలబడ్డాను.

"విన్నావు గదా. అక్క ఎంత పని చేసిందో తెలిసిందా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "వదిన ఆ పొద్దే నాకంతా చెప్పింది. అమ్మ ముందర నోరు రాలేదని బాధపడింది. ఎవురికీ చెప్పొద్దని నేనే అన్నా."

"ఎందుకు?"

"నువ్వు పడుకుంటే రెండు వంతులూ ఆమె మీదే పడతాయి. అన్న వేరు పడదామంటాడు. కండరమే గదా, అదే తగ్గుద్దిలే అనుకున్నా."

ఇన్నాళ్లూ గేదెల దగ్గర నేను లేవలేకపోతే చెయ్యందించి లేపింది ఈయనే. అన్నీ తెలిసే లేపాడు. తర్వాతి స్టాపులో ఆయన పక్కనున్న మనిషి దిగాడు. ఆయన పక్క సీటు మీద చెయ్యి వేసి, "రా, కూర్చో," అన్నాడు.

ఉదయగిరి దాకా నిలబడే వచ్చాను.